టెర్మినల్‌లో ఫైళ్లు, ఫోల్డర్లు కాపీ చేయడం: గమ్యం తప్పకుండా, ఒక్క ఫైలూ పోకుండా

ల్యాప్‌టాప్ మార్చేవాళ్లు, సంక్రాంతికి ఊరెళ్తూ ఫోటోలన్నీ డిస్క్‌లో వేసుకునేవాళ్లు, సర్వర్ నుంచి లాగ్ ఫైళ్లు దించుకునేవాళ్లు. బెంగళూరులో ఉంటున్న మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే: ‘ఫోల్డర్‌లో మళ్లీ అదే ఫోల్డర్ ఎందుకొచ్చింది?’, ‘సగంలో కరెంటు పోయింది, మళ్లీ మొదటి నుంచా?’, ‘ఇంటికెళ్లి టీవీకి పెడితే వీడియోలు సగమే ఉన్నాయి, ఎందుకు?’

కాపీ కమాండ్ కష్టమేమీ కాదు. తప్పు జరిగేది ఎక్కువగా రెండు చోట్ల. ఎక్కడికి వెళ్తోందో ముందు చూసుకోరు, వెళ్లిందో లేదో తర్వాత సరిచూసుకోరు. ఈ గైడ్‌లో ఎక్కువ చోటు ఆ రెండింటికే ఇచ్చాం.

కింద కమాండ్లను పలికే తీరులో రాశాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. క్యాపిటల్ కావలసిన చోట ఆ మాట విడిగా చెప్పాం. లినక్స్‌లో చిన్న అక్షరానికీ క్యాపిటల్‌కూ అర్థాలు వేరు. ఉదాహరణలన్నీ ఉబుంటు తరహా లినక్స్‌కి. విండోస్ సంగతి 9వ భాగంలో ఉంది.

1. కమాండ్ కొట్టే ముందు

ముందు సైజు చూడండి. డీయూ -ఎస్‌హెచ్ పక్కన ఫోల్డర్ పేరు ఇస్తే మొత్తం ఎంతో ఒక్క వరసలో చెబుతుంది.

డీయూ -ఎస్‌హెచ్ పెళ్లి-ఫోటోలు

తర్వాత గమ్యం. ఇక్కడ డీఎఫ్ అనే ఒక్క కమాండ్ మూడు పనులు చేస్తుంది (చివరి టీ క్యాపిటల్).

డీఎఫ్ -హెచ్‌టీ /మీడియా/నేను/డిస్క్

‘నేను’ ఉన్నచోట మీ యూజర్ పేరు, ‘డిస్క్’ ఉన్నచోట మీ డిస్క్ పేరు పెట్టుకోండి. వచ్చిన జవాబులో మూడు గళ్లు చూడాలి.

• మిగిలిన చోటు ఎంత. కాపీ చేయబోయే సైజు కంటే కనీసం 5 నుంచి 10 శాతం ఎక్కువ ఉంటేనే మొదలుపెట్టండి. 1 టీబీ అని కొన్న డిస్క్ ఇక్కడ దాదాపు 931 జీబీగానే కనిపిస్తుంది. మోసమేమీ లేదు. అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, కమాండ్ 1024తో లెక్కిస్తుంది.

• ఫైల్ సిస్టమ్ (డిస్క్‌లో ఫైళ్లను పేర్చే పద్ధతి) రకం. ‘వీఫ్యాట్’ అని ఉంటే అది ఫ్యాట్32. దాంట్లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెళ్లి వీడియోలు ఆగిపోయేది చాలాసార్లు ఇక్కడే.

• చివరి గడిలో మౌంట్ అయిన చోటు, అంటే డిస్క్‌ని సిస్టమ్ ఏ ఫోల్డర్‌గా జోడించిందో అది. అక్కడ మీ డిస్క్ దారి కాకుండా ఉత్తి ‘/’ గుర్తు కనిపిస్తే డిస్క్ మౌంట్ కాలేదన్నమాట. ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ మాత్రమే ఉంది. ఇది గమనించకుండా కాపీ మొదలుపెడితే ఫైళ్లన్నీ ల్యాప్‌టాప్ సొంత డిస్క్‌లోనే పడతాయి. అది నిండిపోయి సిస్టమ్ మొండికేస్తుంది.

దీని వెంటే ఇంకో చిక్కు వస్తుంది. అలాంటి పాత ఖాళీ ఫోల్డర్ మిగిలిపోతే, డిస్క్‌ని మళ్లీ పెట్టినప్పుడు సిస్టమ్ దాన్ని ‘డిస్క్1’ అనే పేరుతో మౌంట్ చేస్తుంది. మీ పాత స్క్రిప్ట్ మాత్రం ‘డిస్క్’లోకే రాస్తూ పోతుంది. అందుకే ప్రతిసారీ డీఎఫ్ చూడాలి.

టైమ్ అంచనా కూడా ముందే వేసుకోండి. యూఎస్‌బీ 2.0 పోర్ట్‌లో సెకనుకు 30 నుంచి 40 ఎంబీ దాటదు. 200 జీబీకి దాదాపు గంటన్నర నుంచి రెండు గంటలు. అదే డిస్క్‌ని యూఎస్‌బీ 3.0 పోర్ట్‌లో పెట్టి సెకనుకు 100 ఎంబీ వచ్చిందనుకుంటే అరగంట చిల్లర. ఇవి పెద్ద ఫైళ్ల లెక్కలు. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే వేగం బాగా పడిపోతుంది. రాత్రి పదకొండు గంటల బస్సుకి పదింటికి కాపీ మొదలుపెట్టేవాళ్లు ఈ లెక్క తప్పక వేయాలి.

కొత్త పెన్‌డ్రైవ్‌ని, ఎక్కడ కొన్నా సరే, ముందు పరీక్షించండి. సైజు ఎక్కువ చూపించి లోపల తక్కువ ఉండే నకిలీలు మార్కెట్లో ఉన్నాయి. ఎఫ్3 అనే చిన్న ప్యాకేజీలో ఎఫ్3రైట్, ఎఫ్3రీడ్ అనే రెండు కమాండ్లుంటాయి. మొదటిది ఖాళీ చోటంతా రాస్తుంది, రెండోది చదివి సరిపోల్చుతుంది.

2. ఏ పనికి ఏ కమాండ్

సీపీ (సి, పి): ఒకటి రెండు ఫైళ్లు, చిన్న ఫోల్డర్లు, ఒకే డిస్క్‌లో పని.

ఆర్‌సింక్ (ఆర్, ఎస్, వై, ఎన్, సి): పది జీబీ దాటినవి, ఇంకో డిస్క్‌కో ఇంకో మెషీన్‌కో వెళ్లేవి, మధ్యలో ఆగే ప్రమాదం ఉన్నవి, మళ్లీ మళ్లీ చేసేవి.

ఎమ్‌వీ (ఎం, వి): ఒక డిస్క్ నుంచి ఇంకో డిస్క్‌కి తరలించడానికి వాడొద్దు. డిస్క్ మారినప్పుడు అది కాపీ చేసి అసలుదాన్ని తీసేస్తుంది. సరిచూసుకునే వీలు మీకు మిగలదు. ముందు కాపీ, తర్వాత తనిఖీ, ఆఖరున తొలగింపు. ఈ వరస మార్చొద్దు.

3. సీపీ: గమ్యం ఉందా, లేదా అన్నదే అసలు సంగతి

సీపీకి ముందు మూలం, తర్వాత గమ్యం ఇస్తాం. ఫోల్డర్ అయితే -ఆర్ గానీ -ఏ గానీ తప్పనిసరి. ఏదీ పెట్టకపోతే ‘ఒమిటింగ్ డైరెక్టరీ’ అని చెప్పి వదిలేస్తుంది.

సీపీ -ఏ పెళ్లి-ఫోటోలు /మీడియా/నేను/డిస్క్/దాపు

ఈ కమాండ్‌కి రెండు ఫలితాలున్నాయి.

• ‘దాపు’ అనే ఫోల్డర్ ముందే లేకపోతే, పెళ్లి-ఫోటోలు ఫోల్డర్ ‘దాపు’ అనే కొత్త పేరుతో అక్కడ తయారవుతుంది.
• ‘దాపు’ ముందే ఉంటే, దాని లోపల పెళ్లి-ఫోటోలు అనే ఫోల్డర్ వస్తుంది.

మొదటిసారి కొట్టినప్పుడు ఫోల్డర్ లేదు. అనుమానమొచ్చి రెండోసారి కొట్టేసరికి ఉంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ వచ్చేది ఇలాగే. డిస్క్‌లో ఒకే ఫోటోలు రెండుసార్లు కూర్చుంటాయి, చోటు రెట్టింపు పోతుంది.

తప్పించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గమ్యం ఫోల్డర్‌ని ఎమ్‌కేడీఐఆర్ -పి తో ముందే తయారుచేసి, లోపలి సరుకు మాత్రమే పంపడం:

సీపీ -ఏ పెళ్లి-ఫోటోలు/. /మీడియా/నేను/డిస్క్/దాపు/

మూలం చివర స్లాష్, దాని పక్కన చుక్క ఉన్నాయి, గమనించండి. ఆ చుక్క వల్ల దాచిన ఫైళ్లు కూడా వెళ్తాయి. చాలామంది చుక్క బదులు స్టార్ గుర్తు పెడతారు. చుక్కతో మొదలయ్యే పేర్లను స్టార్ పట్టుకోదు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని అలా కాపీ చేస్తే గిట్ (కోడ్ మార్పులను దాచిపెట్టే టూల్) చరిత్ర మొత్తం వెనకే ఉండిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

రెండో దారి క్యాపిటల్ టీ ఆప్షన్. గమ్యం ఉన్నా లేకపోయినా ‘ఇదే గమ్యం, దీని లోపల ఇంకో ఫోల్డర్ వద్దు’ అని అర్థం. స్క్రిప్ట్‌లలో ఇదే నమ్మకమైనది.

ఒక్క ఫైలుని కాపీ చేసేటప్పుడు గమ్యం ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెట్టడం అలవాటు చేసుకోండి. స్లాష్ లేకుండా ‘డిస్క్/బిల్లులు’ అని ఇచ్చారు, బిల్లులు అనే ఫోల్డర్ లేదు అనుకుందాం. మీ ఫైలే ‘బిల్లులు’ అనే పేరుతో అక్కడ కూర్చుంటుంది. ఇంకో పది ఫైళ్లు అలాగే ఒక్కొక్కటిగా పంపితే ఒకదాని మీద ఒకటి పడి చివరిది మాత్రం మిగులుతుంది. స్లాష్ ఉంటే సీపీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మనకు కావలసిందీ అదే.

మ్యాక్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. లినక్స్ సీపీ మూలం చివరి స్లాష్‌ని పట్టించుకోదు. మ్యాక్‌లో ఫోల్డర్‌ని కాపీ చేసేటప్పుడు మూలం చివర స్లాష్ ఉంటే ఫోల్డర్ కాకుండా లోపలివి మాత్రమే వెళ్తాయి.

4. సీపీ ఆప్షన్లలో అవసరమైనవి

• -ఏ: ఫోల్డర్లు, తేదీలు, పర్మిషన్లు, లింకులు ఉన్నవి ఉన్నట్టు. ఉత్తి -ఆర్ వాడితే ఫైళ్లన్నిటికీ ఈరోజు తేదీ పడుతుంది. తేదీ ప్రకారం పేర్చుకున్న ఫోటోలు కలగాపులగం అవుతాయి.
• -ఐ: అదే పేరుతో ఫైలు ఉంటే అడిగి రాస్తుంది.
• -ఎన్: ఉన్నదాన్ని ముట్టుకోదు.
• -యు: మూలం కొత్తదైతేనే రాస్తుంది.
• -వి: ఏది కాపీ అవుతోందో వరసగా చూపిస్తుంది.
• --బ్యాకప్=నంబర్డ్: పాత ఫైలుని చెరపకుండా ‘.~1~’ తోకతో పక్కన పెడుతుంది. కాన్ఫిగ్ ఫైళ్లు మార్చేటప్పుడు దీనికి సాటి లేదు.

-యు, -ఎన్ లతో ఒక గొయ్యి ఉంది. సీపీ మధ్యలో ఆగిపోతే సగం రాసిన ఫైలు అసలు పేరుతోనే గమ్యంలో మిగులుతుంది. దాని తేదీ ‘ఇప్పుడు’ కాబట్టి -యు దృష్టిలో అది మూలం కంటే కొత్తది. మీరు మళ్లీ -యు తో మొదలుపెడితే ఆ సగం ఫైలుని వదిలేసి ముందుకెళ్తుంది. ఆగిపోయిన కాపీని కొనసాగించడానికి సీపీ పనికిరాదు. ఆర్‌సింక్‌కి మారండి.

కొన్ని సర్వర్లలో రూట్ యూజర్‌కి (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) సీపీ అంటే సీపీ -ఐ అని ముందే అమర్చి ఉంటుంది. ప్రతి ఫైలుకీ ప్రశ్న అడుగుతుంటే కమాండ్ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి, ఆ అమరిక పక్కకు తప్పుకుంటుంది.

ఇంకో మాట. బీటీఆర్‌ఎఫ్‌ఎస్, కొత్త ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్‌లలో ఒకే డిస్క్ లోపల 50 జీబీ కాపీ రెండు సెకన్లలో అయిపోవచ్చు. రెండు పేర్లూ ఒకే డేటాని పంచుకుంటున్నాయి కాబట్టి ఆ వేగం. ఒక కాపీని మార్చినా రెండోది మారదు. కానీ డిస్క్ పాడైతే రెండూ పోతాయి. దాన్ని బ్యాకప్ అనుకోవద్దు.

5. తెలుగు పేర్లున్న ఫైళ్లు

ఇంగ్లిష్ గైడ్‌లలో దొరకనిది ఈ భాగం, మనకు రోజూ తగిలేది.

పేరు పొడవు. లినక్స్ ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి కోడ్‌కి మూడు బైట్లు, ఒత్తులూ గుణింతాలూ విడి కోడ్‌లే. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికే ఆరు కోడ్‌లు, అంటే 18 బైట్లు. మొత్తం మీద 85 కోడ్‌లు దాటితే పేరు పట్టదు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఇలాంటి కోడ్‌లు 255 దాకా పడతాయి. అందుకే విండోస్‌లో హాయిగా ఉన్న పొడవాటి ప్రవచనం ఆడియో పేర్లు లినక్స్‌కి వచ్చేసరికి ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అంటాయి. పేరు కుదించడం తప్ప మార్గం లేదు. కాపీకి ముందే విండోస్‌లో కుదించుకుంటే పని తేలిక.

కనిపించని అక్షరం. ‘ఆఫీస్‌ఫైళ్లు’ అన్నప్పుడు పొల్లు కింద తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా కీబోర్డ్ ఒక కనిపించని గుర్తుని చొప్పిస్తుంది. అదీ పేరులో భాగమే, అదీ మూడు బైట్లే. టెర్మినల్‌లో చేత్తో పేరు కొడితే ఆ గుర్తు తప్పిపోయి ‘నో సచ్ ఫైల్’ వస్తుంది. తెలుగు పేర్లను ఎప్పుడూ చేత్తో పూర్తిగా కొట్టొద్దు. మొదటి అక్షరం కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది టెర్మినలే నింపుతుంది.

ఐత్వం. యూనికోడ్‌లో ‘ై’ గుర్తుని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు కోడ్‌లుగా. పాత మ్యాక్ డిస్క్‌ల ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లను విడదీసి రెండో రకంగా దాస్తుంది. అలాంటి డిస్క్ నుంచి లినక్స్‌కి తెచ్చాక ‘మైసూరు’ అనే ఫోల్డర్లు రెండు కనిపించవచ్చు. కంటికి ఒకటే, కంప్యూటర్‌కి వేరువేరు. మ్యాక్‌లో కొత్త ఆర్‌సింక్ ఉంటే అక్కడి నుంచి పంపేటప్పుడు --ఐకాన్వ్=యూటీఎఫ్-8-మ్యాక్,యూటీఎఫ్-8 అని జతచేయండి. పేర్లు కలిసిన రూపంలో చేరతాయి.

ఖాళీలు, గీతలు. పేరులో ఖాళీ ఉంటే మొత్తం పేరుని కోట్స్‌లో పెట్టాలి. లేకపోతే ‘పెళ్లి ఫోటోలు’ అనే ఒక్క ఫోల్డర్‌ని రెండు పేర్లుగా చదువుతుంది. పేరు హైఫన్‌తో మొదలైతే ముందు ‘./’ చేర్చండి, లేకపోతే దాన్ని ఆప్షన్ అనుకుంటుంది.

6. పెద్ద కాపీలకు ఆర్‌సింక్

ఇందులో అందరూ తడబడేది మూలం చివరి స్లాష్ దగ్గరే.

ఆర్‌సింక్ -ఏవీహెచ్ పెళ్లి-ఫోటోలు /మీడియా/నేను/డిస్క్/
ఆర్‌సింక్ -ఏవీహెచ్ పెళ్లి-ఫోటోలు/ /మీడియా/నేను/డిస్క్/

మొదటిది ఫోల్డర్‌ని ఫోల్డర్‌గా పంపుతుంది. రెండోది లోపలి ఫోటోలను మాత్రమే పంపుతుంది, అవన్నీ డిస్క్ మొదట్లోనే చెల్లాచెదురుగా పడతాయి. ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెను పెట్టెగానే మోసుకెళ్లడమా, సామాను బయటికి తీసి కొత్త అల్మరాలో సర్దడమా అన్నంత తేడా. మా సలహా: రెండు వైపులా ఫోల్డర్ పేరు పూర్తిగా రాసి, రెండు వైపులా స్లాష్ పెట్టండి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం ఒకటే.

ఆర్‌సింక్ -ఏవీహెచ్ --ఇన్ఫో=ప్రోగ్రెస్2 పెళ్లి-ఫోటోలు/ /మీడియా/నేను/డిస్క్/పెళ్లి-ఫోటోలు/

క్రమం ఇది.

అ) ముందు -ఎన్ జతచేసి నడపండి. ఏదీ కాపీ కాదు, ఏం చేయబోతోందో మాత్రం చెబుతుంది. పేర్ల జాబితాలో మొదటి పది వరసలు చదివితే స్లాష్ తప్పు అక్కడే దొరికిపోతుంది.

ఆ) -ఎన్ తీసేసి అదే కమాండ్ నడపండి. పై బాణం నొక్కి పాత కమాండ్‌నే మార్చుకోండి, కొత్తగా కొట్టకండి. ప్రోగ్రెస్2 మొత్తం పని ఎంత అయిందో శాతంలో చూపిస్తుంది.

ఇ) ఆగిపోతే అదే కమాండ్ మళ్లీ నడపండి. సైజు, తేదీ రెండూ సరిపోయిన ఫైళ్లను వదిలేసి మిగతావి అందుకుంటుంది. ఆగినప్పుడు మధ్యలో ఉన్న ఒక్క ఫైలు మాత్రం, డిస్క్ నుంచి డిస్క్‌కి అయితే, మొదటి నుంచి వెళ్తుంది.

ఈ) ల్యాప్‌టాప్ నిద్రపోకుండా ఆర్‌సింక్ ముందు సిస్టమ్‌డీ-ఇన్‌హిబిట్ అనే మాట చేర్చండి. సర్వర్‌లో అయితే టీమక్స్ (కనెక్షన్ తెగినా పనిని నడుపుతూ ఉంచే టూల్) లోపల నడపండి. వైఫై పోయి ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌కి టెర్మినల్ కనెక్షన్) తెగినా కాపీ ఆగదు.

కరెంటు పోయి హఠాత్తుగా ఆగిన సందర్భాల్లో గమ్యంలో చుక్కతో మొదలై, చివర చుక్క, ఆరు పిచ్చి అక్షరాలతో ముగిసే దాచిన ఫైళ్లు మిగలొచ్చు. అవి ఆర్‌సింక్ తాత్కాలిక ఫైళ్లు. కాపీ మొత్తం పూర్తయ్యాక తీసేయండి.

డిస్క్ ఫ్యాట్32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ అయితే -ఏ వాడొద్దు. ఆ ఫైల్ సిస్టమ్‌లకు యజమాని, పర్మిషన్లు, లింకులు తెలియవు. ఫైలు ఫైలుకీ ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’ అంటుంది. బదులుగా -ఆర్‌టీవీహెచ్ ఇవ్వండి. ఫ్యాట్32 తేదీలను రెండు సెకన్ల మెట్టుతో దాస్తుంది కాబట్టి --మోడిఫై-విండో=1 కూడా కావాలి. లేకపోతే రెండోసారి నడిపినప్పుడు చాలా ఫైళ్లు మారినట్టు కనబడి మళ్లీ కాపీ అవుతాయి. ఇలాంటి డిస్క్‌లకు చిన్న అక్షరం, క్యాపిటల్ తేడా కూడా తెలియదు. లినక్స్‌లో ఆ ఒక్క తేడాతో ఉన్న రెండు ఫైళ్లలో అక్కడ ఒకటే మిగులుతుంది.

జావాస్క్రిప్ట్ ప్రాజెక్ట్ ఫోల్డర్లకు --ఎక్స్‌క్లూడ్=నోడ్_మాడ్యూల్స్ పెట్టుకోండి, దించుకున్న లైబ్రరీల ఫోల్డర్‌ని అది వదిలేస్తుంది. లక్ష చిన్న ఫైళ్ల మోత తప్పుతుంది, వాటిని ఎలాగూ మళ్లీ దించుకోవచ్చు.

ఇక --డిలీట్. మూలంలో లేనివాటిని గమ్యం నుంచి తీసేసే ఆప్షన్ ఇది. మూలం డిస్క్ మౌంట్ కాలేదనుకోండి, అక్కడున్నది ఖాళీ ఫోల్డర్. ‘మూలంలో ఏమీ లేదు కాబట్టి గమ్యంలోనూ ఏమీ ఉండకూడదు’ అని ఆర్‌సింక్ మీ బ్యాకప్ మొత్తం ఊడ్చేస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేసింది, దాని తప్పేం లేదు. దీన్ని వాడే ముందు:

☐ మూలం మీద కూడా డీఎఫ్ చూశారా
☐ -ఎన్ తో నడిపి ‘డిలీటింగ్’ అనే వరసలు చదివారా
☐ --మ్యాక్స్-డిలీట్=100 లాంటి హద్దు పెట్టారా
☐ రెండు వైపులా స్లాష్‌లు సరిగా ఉన్నాయా

మొదటిసారి కాపీకి --డిలీట్ అవసరమే లేదు.

7. రెండు మెషీన్ల మధ్య

ఒక మెషీన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ ప్యాకేజీ వేసుకోవాలి. హోస్ట్‌నేమ్ -ఐ (ఐ క్యాపిటల్) కొడితే దాని ఐపీ అడ్రస్ తెలుస్తుంది. రెండో మెషీన్ నుంచి:

ఆర్‌సింక్ -ఏవీహెచ్‌పీ పెళ్లి-ఫోటోలు/ నేను@192.168.1.20:పెళ్లి-ఫోటోలు/

చివరి పీ క్యాపిటల్. సగం వెళ్లిన ఫైలుని పారేయకుండా ఉంచుతుంది, ఎంత అయిందో చూపిస్తుంది. ఐపీ తర్వాత కోలన్ మరిచిపోతే కాపీ బయటికి వెళ్లదు. మీ ల్యాప్‌టాప్‌లోనే ఆ ఐపీ పేరుతో ఒక ఫోల్డర్ తయారవుతుంది.

మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో తరచూ వచ్చే చిక్కు: రెండు ల్యాప్‌టాప్‌లూ ఒకే వైఫైలో ఉన్నా ఒకదానికొకటి కనిపించవు. ఒకరి మెషీన్ ఇంకొకరికి కనిపించకుండా రౌటర్‌లో అడ్డు పెట్టి ఉంటారు. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండింటినీ దానికి కలపండి. ఫైళ్లు ఆ రెండింటి మధ్యే తిరుగుతాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. వందల జీబీలైతే ఎస్పీ రోడ్‌లో ఒక క్యాట్6 కేబుల్ కొని రెండింటినీ నేరుగా కలపడం ఉత్తమం.

ఎస్‌సీపీ (ఎస్‌ఎస్‌హెచ్ మీద కాపీ చేసే కమాండ్) కూడా పనిచేస్తుంది, కానీ ఆగితే మళ్లీ మొదటి నుంచే. పోర్ట్ నంబర్‌కి ఎస్‌సీపీలో క్యాపిటల్ పీ, ఎస్‌ఎస్‌హెచ్‌లో చిన్న పీ. 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి ఎస్‌సీపీ లోపల ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతి వాడుతోంది. పాత సర్వర్‌తో మాట కలవకపోతే క్యాపిటల్ ఓ ఆప్షన్ ఇచ్చి చూడండి.

కంపెనీ ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ మూసేసి ఉంటే దారులు వెతకొద్దు. ఐటీ వాళ్లకు టికెట్ పెట్టండి.

8. డిస్క్ తీయడం, సరిచూడడం

కమాండ్ ముగిసి ప్రాంప్ట్ వచ్చినంత మాత్రాన డేటా డిస్క్‌కి చేరినట్టు కాదు. చివరి కొన్ని జీబీలు ఇంకా ర్యామ్‌లో ఉండొచ్చు. అప్పుడే పెన్‌డ్రైవ్ పీకేస్తే ఫైళ్ల పేర్లుంటాయి, లోపల సరుకుండదు. వరసగా:

☐ సింక్ (ఎస్, వై, ఎన్, సి) కొట్టి ప్రాంప్ట్ వచ్చేదాకా ఆగండి. నెమ్మది పెన్‌డ్రైవ్‌కి నిమిషాలు పట్టొచ్చు
☐ సీడీ కొట్టి డిస్క్ ఫోల్డర్ నుంచి బయటికి రండి
☐ యూమౌంట్ (అన్‌మౌంట్ కాదు, మొదటి ఎన్ లేదు) చేయండి
☐ ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కి ఆ దారి ఇచ్చి ఎవరు పట్టుకున్నారో చూడండి. తరచుగా అది మీరు తెరిచి మరిచిపోయిన ఇంకో టెర్మినలే
☐ డిస్క్‌ని తీసి మళ్లీ పెట్టండి

తీసి పెట్టడం ఎందుకంటే, వెంటనే సరిపోలిస్తే డిస్క్ నుంచి కాకుండా ర్యామ్‌లో మిగిలిన కాపీనే చదివే అవకాశం ఉంది. తనిఖీ గెలుస్తుంది, డిస్క్ ఓడిపోయి ఉంటుంది.

ఇప్పుడు సరిపోల్చండి.

డిఫ్ -ఆర్‌క్యూ పెళ్లి-ఫోటోలు /మీడియా/నేను/డిస్క్/పెళ్లి-ఫోటోలు

ఏమీ ముద్రించకపోతే రెండూ ఒకటే. తేడా ఉన్నవి, ఒకవైపే ఉన్నవి మాత్రమే చెబుతుంది. అన్ని బైట్లూ చదువుతుంది కాబట్టి కాపీకి పట్టినంత టైమ్ పట్టవచ్చు. ఇంకో మెషీన్‌లో ఉన్నవాటికి ఆర్‌సింక్‌నే -ఏఎన్‌సీఐ తో నడపండి. ఏదీ రాయకుండా, చెక్‌సమ్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కించే గుర్తింపు సంఖ్య) లెక్కించి తేడాలే చూపిస్తుంది.

డీయూ ఇచ్చే సైజులు రెండు వైపులా సమానంగా రాకపోయినా కంగారు పడకండి. ఫైల్ సిస్టమ్‌ని బట్టి ఫైలు ఆక్రమించే చోటు మారుతుంది. డీయూకి --అపారెంట్-సైజ్ ఇస్తే దగ్గరగా వస్తాయి. సైజు చూసి తీర్పు చెప్పొద్దు, డిఫ్ చూసి చెప్పండి.

డిస్క్ బస్సులో విజయవాడ వెళ్లి అక్కడ ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకోబోతుంటే చెక్‌సమ్‌ల చిట్టా ఒకటి వెంట పంపండి. ఫోల్డర్ లోపల నిలబడి:

ఫైండ్ . -టైప్ ఎఫ్ -ప్రింట్0 | ఎక్స్‌ఆర్గ్స్ -0 షా256సమ్ > ../చిట్టా

చిట్టాని బయటి ఫోల్డర్‌లోనే దాచాలి. లోపల పెడితే అది తననే తాను లెక్కించుకుని తర్వాత తప్పు చూపిస్తుంది. అక్కడ షా256సమ్ -సి --క్వైట్ ../చిట్టా అని నడిపితే పాడైనవాటి పేర్లే కనిపిస్తాయి.

అసలు ఫైళ్లను తొలగించడం ఇదంతా అయ్యాకే. అదీ వారం ఆగి చేస్తే మంచిది.

9. విండోస్‌లో రోబోకాపీ

విండోస్ విస్టా నుంచి ఇది సిస్టమ్‌లోనే ఉంది, వేరే ఏదీ వేసుకోనక్కర్లేదు.

రోబోకాపీ డి:\ఫోటోలు ఇ:\ఫోటోలు /ఇ /ఆర్:2 /డబ్ల్యూ:5 /ఎక్స్‌జే

• లోపలి ఫైళ్లే వెళ్తాయి కాబట్టి గమ్యంలోనూ ఫోల్డర్ పేరు రాయాలి.
• /ఇ అంటే ఖాళీవాటితో సహా లోపలి ఫోల్డర్లన్నీ.
• /ఆర్, /డబ్ల్యూ తప్పక ఇవ్వండి. ఇవ్వకపోతే తెరుచుకోని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ‘రాత్రంతా అక్కడే ఉంది’ అనేవాళ్ల కథ ఇదే.
• /ఎక్స్‌జే యూజర్ ఫోల్డర్ కాపీకి ముఖ్యం. అందులోని జంక్షన్ లింకుల వల్ల ఒకే ఫోల్డర్‌లో గుండ్రంగా తిరగకుండా ఆపుతుంది.
• /ఎల్ జతచేస్తే ఉత్తి జాబితా, కాపీ లేదు. ముందు దీంతో నడపండి.
• /ఎంఐఆర్ అంటే ఆర్‌సింక్ --డిలీట్ లాంటిదే. పైన చెప్పిన జాగ్రత్తలే దీనికీ.

మూలంగా డ్రైవ్ మొత్తాన్ని కోట్స్‌లో పెట్టి "డి:\" అని ఇవ్వొద్దు. చివరి బ్యాక్‌స్లాష్ పక్కనున్న కోట్‌ని మింగేసి మిగతా కమాండ్ మొత్తం ఒక్క పేరులో కలిసిపోతుంది. కోట్స్ లేకుండా ఇవ్వండి.

స్క్రిప్ట్ రాసేవాళ్లకు: రోబోకాపీ 1 అని ముగిస్తే ఫైళ్లు బాగానే వెళ్లాయని అర్థం. 8, ఆపైన వస్తేనే వైఫల్యం.

10. ఎర్రర్ వస్తే

‘పర్మిషన్ డినైడ్’: వెంటనే సుడో (కమాండ్‌ని రూట్ అధికారంతో నడిపే మాట) పెట్టకండి. సుడోతో సీపీ చేసిన ఫైళ్లకు మామూలుగా రూట్ యజమాని అవుతాడు, రేపు మీ ఫైళ్లనే మీరు మార్చలేరు. చదవడానికి అనుమతి లేదా, రాయడానికా అన్నది ముందు తేల్చుకోండి. ఇప్పటికే అయిపోయి ఉంటే సీహెచ్‌ఓన్ -ఆర్ (ఆర్ క్యాపిటల్) తో యజమానిని మార్చండి.

‘నో స్పేస్ లెఫ్ట్’, కానీ డీఎఫ్‌లో చోటు కనిపిస్తోంది: డీఎఫ్ -ఐ చూడండి. చిన్న ఫైళ్లు లెక్కకు మించి ఉంటే ఐనోడ్‌లు (ఫైలుకి ఒకటి చొప్పున ఉండే నమోదు గళ్లు) అయిపోతాయి. టార్‌తో ఒకే ఫైలుగా కట్టి పంపండి.

‘ఫైల్ టూ లార్జ్’: ఫ్యాట్32 హద్దు. డిస్క్‌ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయాలి, అందులో ఉన్నవి ముందు బయటికి తీసుకుని. ఊళ్లో టీవీకి పెట్టే పెన్‌డ్రైవ్ అయితే ఆ టీవీ ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందో లేదో ముందు కనుక్కోండి. చదవకపోతే వీడియోని ముక్కలు చేయడమే మిగిలిన దారి.

‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’, విండోస్ డ్రైవ్ మీద: విండోస్ పూర్తిగా మూతపడలేదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంది. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కండి.

ఆర్‌సింక్ ‘కోడ్ 23’: కొన్ని ఫైళ్లు వెళ్లలేదు. పైకి వెళ్లి ఎర్రర్ వరసలు చదవండి. ‘కోడ్ 24’ అయితే కాపీ జరుగుతుండగా మూలంలో కొన్ని ఫైళ్లు మాయమయ్యాయి. నడుస్తున్న సర్వర్‌లో ఇది మామూలే.

‘ఇన్‌పుట్/ఔట్‌పుట్ ఎర్రర్’: ముందు కేబుల్ మార్చి, వేరే పోర్ట్‌లో పెట్టి చూడండి. అప్పుడూ వస్తే, అదీ మూలం వైపు నుంచి వస్తే, డిస్క్ చివరి దశలో ఉన్నట్టు లెక్క. సీపీ, ఆర్‌సింక్ మళ్లీ మళ్లీ నడిపి దాన్ని అలసిపోనివ్వకండి. డీడీరెస్క్యూ అనే టూల్ చదవగలిగిన భాగాలను ముందు లాగి, పాడైన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. డిస్క్ నుంచి టక్ టక్ చప్పుడు వస్తుంటే అదీ వద్దు. కరెంటు తీసేసి డేటా రికవరీ చేసేవాళ్లకు చూపించండి.